పుదుచ్చేరి వెళ్తున్న మేనల్లుడికి

తెనాలి

చి. నానికి,



పుదుచ్చేరి నటన శిబిరంలో చోటు దొరికిందని నువ్వు మెసేజ్ పెట్టేలోపే మీ నాన్న ఫోన్ వచ్చింది. ఉన్న సెలవులన్నీ ఊడ్చిపెట్టి పది రోజులు గెంతులెయ్యడానికి పోతున్నాడు, ఇదంతా నీ మూలానే అక్కా అన్నాడు. బళ్ళారి రాఘవ అంతటివాడు ప్లీడరీ చేస్తూనే నాటకాలు వేశాడురా, ఏమైపోయాడు అన్నాను. "ఆయన మీద టీమ్ లీడరు లేడుగా" అన్నాడు. మీ నాన్నకి కూడా అప్పుడప్పుడు మంచి డైలాగు పడుతుంది. వాడి సంగతి నాకు వదిలెయ్. ఫీజుకి తగ్గింది నేను పంపుతున్నాను, ఆ ముక్క మాత్రం వాడికి చెప్పకు.

వెళ్ళేముందు ఏం చదవమంటావని అడిగావు. ఏమీ చదవకు. నటన మీద స్తానిస్లావ్‌స్కీ రాసింది నువ్వు ఇప్పటికే కావలసినంత చదివావు. రిహార్సల్లో రెండు మాటలకోసారి ఆయన పేరు ఎత్తుతున్నావని మీ డైరెక్టరు నా దగ్గర మొత్తుకున్నాడు కూడా. అక్కడ నీకు పనికొచ్చేవి మోకాళ్ళు, నడుము, నిద్ర. ఈలోగా రోజూ పొద్దున్నే లేచి గంటసేపు నడువు. రాత్రి పదింటికల్లా ఫోన్ పక్కన పడేయ్. కంప్యూటరు ముందు కూర్చుని కూర్చుని నీ మెడ ముందుకి వంగిపోయింది, మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడే చూశాను. శిబిరంలో వాళ్ళు మొదట పట్టుకునేది ఆ మెడనే.

వెళ్ళే చోటు గురించి మాత్రం నాలుగు ముక్కలు తెలుసుకుని వెళ్ళు. మనవాళ్ళకి పుదుచ్చేరి అంటే యానాం తప్ప మరోటి గుర్తు రాదు. నువ్వు వెళ్ళే ఆదిశక్తి అనే నాటక బృందాన్ని వీణాపాణి చావ్లా 1981లో ముంబైలో మొదలుపెట్టింది. 1993లో దాన్ని పుదుచ్చేరి దగ్గరికి, ఆరోవిల్ పక్కకి మార్చుకుంది. ఆమె 2014లో పోయింది. ఆమెతో కలిసి పనిచేసినవాళ్ళే ఇప్పుడు నడుపుతున్నారు. ఆమె చేసిన నాటకాల్లో ఒకటి భీముడిది, ఇంకొకటి బృహన్నలది. అంటే మన పద్యనాటకాల వాళ్ళు ఏళ్ళ తరబడి నమిలిన భారతమే. కానీ ఆమె దాన్ని కూడియాట్టం మీదుగా, కేరళ యుద్ధవిద్య కలరిపయట్టు మీదుగా పట్టుకుంది. కేరళలో గుళ్ళలో ఆడే సంస్కృత నాటకం కూడియాట్టం. యునెస్కో 2001లో దాన్ని మానవజాతి వారసత్వ కళగా ప్రకటించింది. అందులో నటుడు కళ్ళు తిప్పడం నేర్చుకోవడానికే ఏళ్ళు పడుతుంది. నీకు పది రోజుల్లో ఆ విద్య వస్తుందని ఎవరూ చెప్పరు, నువ్వూ అనుకోకు. ఆ విద్య ఎంత లోతుందో గట్టు మీద నుంచి చూసి వస్తావు, అంతే.

ఇక నా అసలు మాట. నటన నేర్చుకోవడానికి వెళ్తున్నానని నువ్వు రాశావు. నాకు తెలిసినంతలో ఇలాంటి శిబిరాలు నటన నేర్పవు. ఇన్నాళ్ళుగా మనకి ఒంటబట్టిన అలవాట్లలో ఏవి నటనో, ఏవి వట్టి అలవాట్లో విడదీసి చూపిస్తాయి. ఆ చూపించడం హాయిగా ఉండదు.

అలాంటి శిబిరానికి నేను నలభై దాటాక వెళ్ళాను. అప్పటికి పరిషత్తు నాటక పోటీల్లో నాకు పేరుంది, ఇంటినిండా షీల్డులున్నాయి. పరిషత్తు నాటికల్లో ఆడవాళ్ళు ఎప్పుడూ తక్కువే కదా, ఒక్కో సీజన్లో నాలుగైదు సమాజాలకి నేనే హీరోయిన్ని. పొద్దున బస్సు దిగడం, మధ్యాహ్నం భోజనాలయ్యాక కుర్చీల్లో కూర్చుని ఒకసారి లైన్లు అనుకోవడం, రాత్రి ప్రదర్శన, తెల్లారితే ఇంకో ఊరు. ఆ బతుకులో అలవాట్లే మనిషిని కాపాడతాయి. భర్త వేషం వేసే ఆయన్ని ఆరోజు మధ్యాహ్నమే మొదటిసారి చూస్తే, ఇరవై ఏళ్ళ కాపురం రాత్రికల్లా ఎక్కడి నుంచి వస్తుంది? చేతిలో సిద్ధంగా ఉన్నదే వాడతాం. గొంతు ఎక్కడ వణికించాలో, కొంగు ఎప్పుడు నోటికి అడ్డం పెట్టుకోవాలో, చప్పట్ల కోసం ఏ మాట తర్వాత ఒక క్షణం ఆగాలో అన్నీ వేళ్ళ కొసల్లో ఉంటాయి. దానికి తోడు మైకులు. వేదిక ముందుభాగాన పైనుంచి వేలాడే ఆ రెండు మూడు మైకుల కింద నిలబడే మనవాళ్ళ సంసారాలన్నీ జరుగుతాయి. చచ్చిపోయే పాత్ర కూడా కిందపడేది మైకు కిందికొచ్చాకే. దీన్ని నేను ఎగతాళి చెయ్యడం లేదు. వెయ్యి మంది పల్లెటూరి జనానికి రాత్రి ఒంటిగంటకి మాట వినపడాలంటే అదే దారి. అయితే ఆ దారినే ఏళ్ళ తరబడి నడిచినవాడికి ఎదుటివాడి మొహం చూడటం మరుపున పడుతుంది.

ఆ శిబిరం హైదరాబాదులో జరిగింది. మాతో ఒక పెద్దాయన ఉండేవాడు, అరవై దాటిన మనిషి, పల్నాడు వైపు పద్యనాటకాల్లో కృష్ణ వేషానికి పేరున్నవాడు. కుర్రాళ్ళంతా ట్రాక్ ప్యాంట్లలో ఉంటే ఆయన పంచె ఎగగట్టుకుని వచ్చేవాడు. ఒకరోజు దర్శకుడు ఆయన్ని రాయబారం పద్యం ఒకటి చదవమన్నాడు. రాగం లేకుండా, హార్మోనీ లేకుండా, ఎదురుగా కూర్చున్న కుర్రాడికి మాత్రమే వినపడేట్టు. ఆయన లేచి నిలబడ్డాడు. కుడిచెయ్యి తనంతట తనే భుజం మీదికి, ఉత్తరీయం ఉండే చోటికి వెళ్ళింది. అక్కడ ఏమీ లేదు. చెయ్యి దించాడు. ఎక్కడ పెట్టాలో తెలియక పంచె కొస పట్టుకున్నాడు. మొదటి పాదం ఎత్తేసరికి గొంతు అలవాటుగా పైస్థాయికి పోయింది, ఆపాడు. మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ పోయింది. మూడోసారి ఆ కుర్రాడి ముందు గొంతుక్కూర్చున్నాడు. పొలం గట్టు తగాదాలో బావమరిదికి నచ్చజెప్పే మనిషిలా ఆ పద్యం చెప్పుకుంటూ పోయాడు. నేను ఆ పద్యం ఎన్ని వందల సార్లు విన్నానో! కృష్ణుడికి ఆ సంధి నిజంగా కావాలని మాత్రం ఆరోజే నాకు అనిపించింది.

దీన్ని ఇక్కడితో ఆపితే మంచి కథ అవుతుంది. కానీ ఆ సాయంత్రం టీ తాగుతూ ఆయన మండిపడ్డాడు. "రాగం తీసేస్తే మా ఊళ్ళో ఎవడు కూర్చుంటాడమ్మా? వన్స్ మోర్ కొట్టేది దేనికి? వీళ్ళు నా పొట్ట కొట్టడానికి పిలిచారా?" అన్నాడు. ఆయన మాటలోనూ న్యాయం ఉంది. ఆ న్యాయం పట్టించుకోకుండా శిబిరం వ్యామోహంలో పడి రాగాన్నీ పద్యాన్నీ పాతచింతకాయ పచ్చడి అనేవాళ్ళంటే నాకు చిరాకు. తర్వాత కొన్నాళ్ళకి ఒక తిరునాళ్ళలో ఆయన రాయబారం చూశాను. రాగం అంతా ఉంది, వన్స్ మోర్లూ ఉన్నాయి. ఒక్క తేడా. పద్యం ఎత్తుకునేముందు దుర్యోధనుడి వైపు తిరిగి ఒక్క క్షణం చూశాడు. చూసి, ఆ తర్వాత ఆలాపన మొదలుపెట్టాడు. జనంలో ఎవరూ దాన్ని గమనించి ఉండరు. దుర్యోధనుడి వేషగాడు గమనించాడు, ఆ చూపుకి తడబడి కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు. దాంతో సీను అంతా బిగిసింది. అన్నాళ్ళ శిబిరంలోంచి ఆయన ఇంటికి తెచ్చుకున్నది ఆ ఒక్క చూపు. చాలా పెద్ద రాబడి అది.

నీకు అక్కడ ఊపిరి మీద బాగా పని పెడతారు. ఒక్కో భావానికి ఒక్కో ఊపిరి నడక ఉంటుందని, ఆ నడక పట్టుకుంటే భావం వెనకే వస్తుందని వాళ్ళ పద్ధతి. భయంలో ఊపిరి ఛాతీ పైభాగంలోనే పొట్టిగా కొట్టుకుంటుంది. ఏడుపులో లోపలికి తీసేటప్పుడు ముక్కలవుతుంది, బయటికి పొడుగ్గా పోతుంది. నవ్వులో బయటికి వచ్చేదే ముక్కలవుతుంది. నువ్వే అద్దం ముందు చేసి చూసుకో. కూడియాట్టంలో అమ్మనూర్ మాధవ చాక్యార్ వాలి చావుని ఊపిరితోనే నడిపేవాడని చూసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎక్కడో చిలీ దేశంలో సుసానా బ్లాక్ అనే నాడీశాస్త్రవేత్త కూడా 1970ల్లో నటులతో కలిసి పనిచేసి, ఆరు మూల భావాలకి ఆరు రకాల ఊపిరి తీరులు గుర్తించింది. ఆమె పద్ధతిలో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది: భావంలోకి వెళ్ళడానికి ఎంత శ్రద్ధ పెడతారో బయటికి రావడానికీ అంతే పెడతారు. నిలువుగా నిలబడి, నిదానంగా ఊపిరి తీసి వదిలి, మొహం కండరాలు వదులు చేసి మామూలు మనిషై కానీ పక్కకి వెళ్ళరు. మన దగ్గర ఆ ఆచారం లేదు. కొడుకు శవం మీద పడి ఏడ్చిన తల్లి తెరపడగానే మేకప్ గదిలో ఇడ్లీ పొట్లం విప్పుతుంది. కొందరికి అది పడుతుంది. కొందరు ఆ ఏడుపుని ఇంటిదాకా మోసుకుపోతారు, అలాంటివాళ్ళని నేను చూశాను. అక్కడ నీకు బయటికి వచ్చే పద్ధతి చెప్పకపోతే నువ్వే అడుగు.

ఊపిరి మనకి కొత్త విద్యేమీ కాదని కూడా గుర్తుపెట్టుకో. ఉత్పలమాల పాదానికి ఇరవై అక్షరాలు. తెలుగులో యతి అక్షరాల పొత్తు చూసుకుంటుందే గానీ అక్కడ ఆగాలన్న నియమం లేదు. అన్వయం పాదం దాటి కూడా పోతుంది. కాబట్టి ఊపిరి ఎక్కడ తీయాలన్నది చదివేవాడు అర్థాన్ని బట్టి తేల్చుకోవాలి. మంచి పద్యనటుడు అది కనపడకుండా చేస్తాడు. నీ బ్యాగులో పుస్తకం పెట్టుకోవాలనే అంత కోరిక ఉంటే ఆ రాయబారం పద్యాలున్న పాండవోద్యోగ విజయాలు పెట్టుకెళ్ళు. ఊపిరి క్లాసు అయ్యాక ఒక్క పద్యం తీసి, ఎక్కడెక్కడ ఊపిరి తీస్తే అర్థం ఎలా మారుతుందో చూసుకో. మిగతావాళ్ళు ఇంగ్లీషు మోనోలాగులతో కుస్తీ పడుతుంటారు. నీకు ఇంటి సరుకు ఉంది.

ఏడుపు కోసం మాత్రం వెళ్ళకు. ఇది గట్టిగా చెబుతున్నాను. శిబిరాల్లో నాలుగైదు రోజులు దాటాక ఒళ్ళు అలిసి, ఇల్లు గుర్తొచ్చి, ఎవరో ఒకరు భోరుమంటారు. వెంటనే చుట్టూ చేరి కౌగలించుకుంటారు. అది చూసి ఇంకొకరికి ఏడుపు వస్తుంది. కన్నీళ్ళు రానివాడు తనలో ఏదో లోపముందని కుంగిపోతాడు. నాట్యశాస్త్రం సాత్విక భావాలు ఎనిమిది చెప్పింది. స్తంభించిపోవడం, చెమట పట్టడం, ఒళ్ళు గగుర్పొడవడం, గొంతు మారడం, వణుకు, రంగు పాలిపోవడం, కన్నీరు, స్పృహ తప్పడం. కన్నీరు ఎనిమిదింట్లో ఒకటి. మన పరిషత్తు జడ్జీలూ సినిమావాళ్ళూ ఆ ఒక్కదానికే మార్కులేస్తారు కాబట్టి మిగతా ఏడూ మనకి గుర్తుండవు. గొంతు మారడం ఎంత గొప్ప పనిముట్టో నీ వయసులో తెలియదు.

దీనికి ఆనుకునే ఇంకో మాట. నువ్వు వెళ్ళే చోటుని ఉద్దేశించి చెప్పడం లేదు. ఈ మధ్య ఊరూరా పుట్టుకొచ్చిన రెండు రోజుల, మూడు రోజుల యాక్టింగ్ శిబిరాలున్నాయి చూడు, రేపు నువ్వు వాటికీ వెళ్తావు, అందుకని. "నీ జీవితంలో అన్నిటికన్నా బాధపెట్టిన సంగతి అందరి ముందు చెప్పు, ఆ బాధని పాత్రలోకి తీసుకురా" అంటారు. మీ అమ్మ పోయిన సంగతి నువ్వు ఎవరికీ అమ్మనక్కర్లేదు. స్తానిస్లావ్‌స్కీ కూడా సొంత గాయాల జ్ఞాపకాల మీద మొదట్లో ఆధారపడ్డా, తర్వాత తర్వాత పాత్ర చేసే పనుల మీదికి, అది ఉన్న పరిస్థితి మీదికి మళ్ళాడు. అమెరికా నటి స్టెల్లా ఆడ్లర్ 1934లో పారిస్‌లో ఆయన దగ్గర పాఠాలు చెప్పించుకుని వెళ్ళి, మనం తప్పుగా పట్టుకున్నాం, ఊహ ముఖ్యం అని తన గ్రూపు వాళ్ళతో వాదన పెట్టుకుంది. అంత చదివావు కదా, ఆ పేజీలు ఎందుకు దాటేశావు? "ఇది నేను చెప్పను", "ఇలా ముట్టుకోవడం నాకు ఇష్టం లేదు" అనడానికి అక్కడ ఎవరికైనా హక్కుంది, నీకే కాదు, నీ పక్కనున్న అమ్మాయికీ. పూర్తిగా లొంగిపోతే తప్ప కళ రాదనే గురువు కనపడితే ఫీజు పోయినా సరే, బ్యాగు సర్దుకుని వచ్చెయ్.

తిండీ తిప్పలూ త్వరగా చెప్పేస్తాను. చెన్నై దాకా రైల్లో వెళ్ళి, అక్కడి నుంచి ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద వెళ్ళే బస్సు పట్టుకో. ఎర్రమట్టి నేల, తెల్లబట్టలు పెట్టుకోకు. వదులు నూలు ప్యాంట్లు ఎక్కువ పెట్టుకో, రోజుకి రెండు తడుస్తాయి. మూడో రోజు పొద్దున మెట్లు దిగలేవు, కంగారు పడకు, ఐదో రోజుకి సర్దుకుంటుంది. మోకాలు నొప్పి కండరానిదైతే చెయ్యి, కీలుదైతే ఆగు, ఆగానని చెప్పు. నీ గొంతుకి చల్లనీళ్ళు పడవు. ఆవకాయ సీసా తీసుకెళ్ళు, స్నేహాలు దాంతోనే కుదురుతాయి.

నోట్సు పగలు రాయకు. చేస్తుండగా పెన్ను పట్టుకున్నవాడు చెయ్యడం మానేస్తాడు. రాత్రి పడుకునేముందు నాలుగు వాక్యాలు రాయి, అవీ ఏం చేశారన్నది రాయి, ఎంత గొప్పగా అనిపించిందన్నది వద్దు. "అద్భుతమైన అనుభవం" అని రాసుకున్న పేజీ ఆర్నెల్ల తర్వాత నీకు ఎందుకూ కొరగాదు. "కళ్ళు ఎడమ నుంచి కుడికి, తల కదలకుండా, ఊపిరి బిగపట్టకుండా" అని రాసుకుంటే పనికొస్తుంది. ఫేస్‌బుక్కులో పెట్టుకోదగ్గది, ఇంటి దగ్గర మళ్ళీ చేసుకోదగ్గది ఒకటి కావడం అరుదు.

చివరి రోజు ఎలాగూ ఫొటోలు, కౌగిళ్ళు, వాట్సాప్ గ్రూపు. మనమంతా కలిసి ఒక నాటకం చేద్దాం అని అందరూ ఒట్టు పెట్టుకుంటారు. అది మంచి జ్వరం, దాన్ని కాదనను. కానీ తిరిగొచ్చాక మీ సమాజం వాళ్ళ మీద ఆ జ్వరం రుద్దకు. శిబిరాలకి వెళ్ళొచ్చిన కుర్రాళ్ళు చేసే పని నాకు తెలుసు: మొదటి రిహార్సల్లోనే అందరినీ నేల మీద పడుకోబెట్టి కళ్ళు మూసుకోమంటారు. అక్కడికి ఆఫీసు నుంచి నేరుగా వచ్చిన బ్యాంకు మేనేజరుగారు ఉంటారు, ప్యాంటు ఇస్త్రీ నలుగుతుందని ఆయన బాధ. ఇంటి దగ్గర చంటిపిల్లని అత్తగారికి అప్పజెప్పి వచ్చిన అమ్మాయి ఉంటుంది, తొమ్మిదింటికల్లా వెళ్ళాలి. వాళ్ళకి నీ పాఠాలు వద్దు. వాళ్ళు మాట్లాడుతుంటే విను. ఇదివరకు నీ క్యూ కోసం వినేవాడివి, ఇప్పుడు మాట కోసం విను. తేడా వాళ్ళకే తెలుస్తుంది, ఏం చేశావని వాళ్ళే అడుగుతారు. అడిగితే అప్పుడు చెప్పు.

కొత్తది నేర్చుకున్నా పాతది వదలక్కర్లేదు అనడానికి సురభి నాటక సమాజం వాళ్ళే సాక్షి, వాళ్ళ సంగతి నీకు చెప్పానో లేదో. 1885లో కీచక వధతో మొదలైన కుటుంబ సమాజం. పుట్టిన పిల్లకి నడక వచ్చేనాటికే వేషం సిద్ధం. 1990ల్లో కన్నడ దర్శకుడు బి.వి. కారంత్ వచ్చి వాళ్ళతో శిబిరాలు పెట్టి నాటకాలు చేయించాడు. తెరలు, ట్రిక్కులు, పద్యాలు ఊపిరిగా పెరిగినవాళ్ళ చేత జర్మన్ రచయిత బ్రెహ్ట్ నాటకాన్ని బస్తీ దేవత యాదమ్మగా ఆడించాడు. ఆయన వాళ్ళ పాటని తీసెయ్యలేదు, ఆ పాట మీదే నాటకం కట్టాడు. వాళ్ళూ అది నేర్చుకుని మాయాబజార్ మానలేదు. ఇప్పటికీ ఘటోత్కచుడు వస్తాడు, లడ్డూలు నోట్లోకి ఎగురుతాయి. నాకు ఈ రెండూ నచ్చాయి, కారంత్ తీసెయ్యకపోవడమూ, వీళ్ళు మానకపోవడమూ.

తెచ్చుకునేవాటిలో ఒక్కటి ఎంచుకో. కళ్ళదో, ఊపిరిదో, నడకదో. మిగతావి మర్చిపోయినా నష్టం లేదు. ఆ ఒక్కటి పళ్ళు తోముకున్నాక రోజూ పావుగంట, ఏడాదిపాటు. రెండు వారాలకి విసుగొస్తుంది, రెండు నెలలకి ఎందుకు చేస్తున్నావో తెలియదు. అప్పుడు నాకు ఫోన్ చెయ్, తిడతాను.

పరిషత్తుకి ఈసారి మేం వేస్తున్న నాటికలో నీకు అల్లుడి వేషం ఉంచమన్నాను. చిన్నదే, రెండు ఎంట్రీలు, ఎక్కువ భాగం మామగారి మాటలు వింటూ కూర్చోవాలి. స్క్రిప్టు ఇప్పుడు పంపను, పంపితే రైల్లోనే బట్టీ పట్టేస్తావు. నువ్వు తిరిగొచ్చిన తర్వాతి ఆదివారం నాలుగింటికి మా ఇంట్లోనే రిహార్సలు. మామగారి వేషం నీకు తెలిసినాయనే, డైలాగులు మర్చిపోతాడు, సొంతవి కలుపుతాడు. చూసుకుని రా.

నీ
అత్త